ఏకగ్రీవం అన్నారు, చప్పట్లు కొట్టాం: పార్టీలో పోటీ పెడితే ఐక్యత నిజంగా చెడుతుందా?

కంచరపాలెం_కార్యకర్త
18 ఏళ్లుగా ఒకే పార్టీలో పనిచేస్తున్నాను. పార్టీ పేరు చెప్పను, ఎందుకంటే ఏ జెండా మోసినవారికైనా ఇది తెలిసిన సంగతే. పోయిన నెల మా నగర అధ్యక్ష పదవికి ఇద్దరు ముందుకొచ్చారు. ఒకరు వార్డు వార్డునా తిరిగే మనిషి, మరొకరు కార్యకర్తల మీద కేసులు పడినప్పుడల్లా కోర్టు మెట్ల దగ్గర నిలబడిన మనిషి. ఓటింగు ఉంటుందని ముందుగా చెప్పారు కనుక వార్డు కమిటీల వాళ్లందరం ఉదయం తొమ్మిదికల్లా కల్యాణ మండపానికి చేరాం. పైనుంచి వచ్చిన పరిశీలకుడు కూర్చోగానే మా వరుసలోకి ఒక కాగితం పంపారు. పైభాగమంతా ఖాళీగా ఉంది. కింద మాత్రం సంతకాల కోసం వరుస సంఖ్యలు వేసి ఉన్నాయి. నా ముందు కుర్చీలోని పెద్దాయన "దేనికి బాబూ ఈ సంతకం" అని అడిగితే, హాజరు కోసమని చెప్పారు. ఆయన కళ్లజోడు తుడుచుకుని, కాగితం వెనక్కి తిప్పి చూసి, కాసేపు ఆలోచించి సంతకం పెట్టారు. ఆయన వెనక నేనూ పెట్టాను.

తరువాత పోటీదారులిద్దరినీ వంటశాల పక్కనున్న గదిలోకి తీసుకెళ్లారు. గంటన్నర గడిచాక తలుపు తెరిచి, రెండో ఆయన చేత మొదటి ఆయన మెడలో దండ వేయించారు. మైకులో ఏకగ్రీవం అన్నారు, మేం చప్పట్లు కొట్టాం. మా సంతకాల పైన ఉన్న ఖాళీలో, నిర్ణయాన్ని అధిష్ఠానానికే వదిలేస్తున్నామని అప్పటికి ఏకవాక్య తీర్మానం రాసేశారు. వారం తిరగకుండానే రెండో ఆయన వెంట తిరిగిన నలభై మంది దాకా పార్టీ ఆఫీసుకు రావడం మానేశారు.

వచ్చే నెల వార్డు కమిటీల ఎన్నిక ఉంది. మా వార్డు అధ్యక్ష పదవికి నామినేషన్ వేస్తానని నేను అనగానే, "ఐక్యత చెడగొట్టకమ్మా" అని నాలుగు వైపుల నుంచీ ఫోన్లు వస్తున్నాయి. పోటీ పెట్టని చోట కూడా ఐక్యత మిగల్లేదని నేను కళ్లారా చూశాను. అయినా మనసులో శంక పోవడం లేదు. అనుభవం ఉన్నవారు చెప్పండి, నామినేషన్ వేయనా, మాననా?

మర్రిపాలెం_గేటు
వేయవద్దనే నా సలహా. మా వార్డులో ఒకసారి ఓటింగు పెట్టారు. గెలిచినాయన వీధిలో టపాసులు కాల్చారు, ఓడినాయన ఇంటి ముందు నుంచి ఊరేగింపు తీశారు. ఆ ఊరేగింపు తరువాత జరిగిన మునిసిపల్ ఎన్నికలో ఓడిన వర్గం మొత్తం ఇళ్లలోనే కూర్చుంది. మా అభ్యర్థిని ఓడించింది ఎదుటి పార్టీ కాదు, ఆ ఊరేగింపే.

జగదాంబ_జంక్షన్
మర్రిపాలెం గారూ, మీరు చెప్పినదాంట్లోనే జవాబు ఉంది. మీ వార్డును చెడగొట్టింది ఊరేగింపు అంటున్నారు, ఓటింగు అనడం లేదు.

పాతనగరం_మాస్టారు
ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి కాస్త వెనక్కి వెళ్తాను, ఓపికతో చదవండి. పార్టీ అధ్యక్ష పదవికి మన దేశంలో జరిగిన అన్ని పోటీలలోకీ పెద్దదానిలో ఓడిన వ్యక్తి మన తెలుగువాడే. 1939 జనవరి 29న కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోసుకు 1,580 ఓట్లు, మచిలీపట్నం వాస్తవ్యులు, ఆంధ్రా బ్యాంకు వ్యవస్థాపకులు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారికి 1,377 ఓట్లు వచ్చాయి. తేడా 203 మాత్రమే. మౌలానా ఆజాద్ ముందు బరిలో ఉండి తప్పుకోవడంతో పట్టాభిగారు అభ్యర్థి అయ్యారు. ఫలితం వచ్చాక గాంధీజీ ఆ ఓటమి పట్టాభిది కన్నా ఎక్కువగా తనదేనని ప్రకటించారు.

ఆ తరువాత జరిగినదే మనం చూడవలసినది. కార్యవర్గ సభ్యులలో అత్యధికులు రాజీనామా చేశారు, త్రిపురి మహాసభలో గాంధీజీ ఇష్ట ప్రకారమే కార్యవర్గాన్ని ఏర్పరచాలని అధ్యక్షుడి చేతులు కట్టేస్తూ తీర్మానం చేశారు, మూడు నెలలు తిరిగేసరికి గెలిచిన మనిషి రాజీనామా చేసి ఫార్వర్డ్ బ్లాకు స్థాపించారు.

డాబాగార్డెన్స్_కుర్రోడు
మాస్టారూ, అయితే ఇది మర్రిపాలెం గారి వాదననే బలపరుస్తోంది కదా? పోటీ పెట్టారు, పార్టీ చీలింది. అంత మహానుభావులే తట్టుకోలేకపోతే వార్డు కమిటీ వాళ్లు తట్టుకుంటారా?

పాతనగరం_మాస్టారు
ప్రశ్న న్యాయమైనదే. నేను చెప్పేది ఏమిటంటే, అక్కడ పార్టీని దెబ్బతీసింది ఓట్లు వేయడం కాదు, వేసిన ఓట్లను ఒప్పుకోకపోవడం. పట్టాభిగారి మిగతా కథ కూడా వినండి. ఓడినందుకు ఆయన పార్టీ విడిచి పోలేదు. మళ్లీ 1948లో పురుషోత్తమదాస్ టాండన్ మీద పోటీ చేసి గెలిచి, జయపూర్ మహాసభకు అధ్యక్షత వహించారు. టాండన్ 1950లో మళ్లీ నిలబడి, 1,306 ఓట్లతో గెలిచారు. ఆచార్య కృపలానీకి 1,092, శంకరరావు దేవ్‌కు 202 వచ్చాయి. ఓడిన కృపలానీ మరుసటి ఏడాది బయటికి వెళ్లి వేరే పార్టీ పెట్టారు, గెలిచిన టాండన్ కూడా నెహ్రూతో పొసగక 1951లోనే తప్పుకున్నారు. కాబట్టి పోటీ ఉన్నంత మాత్రాన మేలే జరుగుతుందని నేను అనడం లేదు.

మన ఆంధ్ర సంగతి ఇంకా దగ్గరిది. 1951లో రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి నీలం సంజీవరెడ్డి, ఎన్.జి. రంగా తలపడ్డారు. రంగాగారు ఓడి, బయటికి వెళ్లి, కృషికార్ లోక్ పార్టీ పెట్టారు. మన ఉత్తరాంధ్ర నుంచి గౌతు లచ్చన్న ఆయన వెంట నడిచారు. ప్రకాశం పంతులుగారూ వేరు దారి పట్టారు. 1952లో మద్రాసు శాసనసభలోని 375 స్థానాలలో కాంగ్రెసుకు 152 మాత్రమే దక్కాయి. అధ్యక్ష ఎన్నికలో గెలిచిన సంజీవరెడ్డిగారే తన స్థానంలో తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. 1955కు వచ్చేసరికి విడిపోయినవాళ్లంతా ఒక ఐక్య సంఘటనగా కలిసి నిలబడితే, 196లో 146 స్థానాలు వచ్చాయి. నాలుగేళ్ల తేడాలో అదే నేల, దాదాపు అదే మనుషులు.

సీతమ్మధార_రామ్
1955లో వాళ్లు కలిసింది కమ్యూనిస్టులు అధికారంలోకి వస్తారన్న భయంతో. దాన్ని ఐక్యత అనడం పెద్ద మాట అవుతుంది.

పాతనగరం_మాస్టారు
ఒప్పుకుంటాను. అయితే భయంతో కలిసినవారు కూడా ఒకరి గెలుపుకు ఒకరు పనిచేశారు. కార్యకర్త గారి పార్టీలో నలభై మంది ఇళ్లలో కూర్చున్నారు.

ఉక్కునగరం_నైట్‌షిఫ్ట్
పార్టీల సంగతి నాకు తక్కువ తెలుసు, యూనియన్ సంగతి చెప్తాను. మా ఉక్కు కర్మాగారంలో గుర్తింపు సంఘాన్ని కార్మికులు రహస్య ఓటుతో ఎన్నుకుంటారు. ఎన్నికల వారాలలో గేటు మీటింగులు వింటే ఈ మనుషులు జన్మలో మళ్లీ మాట్లాడుకోరనిపిస్తుంది. క్యాంటీనులో బల్లలు కూడా వేరవుతాయి. లెక్కింపు తెల్లవార్లూ సాగుతుంది. ఒక్కొక్క చీటీ విప్పి ముందు అవతలి సంఘం ఏజెంటుకు చూపిస్తారు, ఆయన తల ఊపాక గాని కట్టలో పెట్టరు. ఆ తల ఊపడంలోనే సగం గొడవ తీరిపోతుందని నా నమ్మకం, ఎందుకంటే ఓడినవాడు తన ఓటమిని తన కళ్లతోనే లెక్కపెట్టుకుంటాడు.

2021 జనవరిలో ప్లాంటు వాటాలు నూటికి నూరు శాతం అమ్మాలని కేంద్రం నిర్ణయించాక, అదే సంఘాల వాళ్లు కూర్మన్నపాలెం శిబిరంలో ఒకే టెంటు కింద కూర్చున్నారు. సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ జెండాలు ఒకే తాడుకు కట్టారు. రిలే దీక్షలో నా పక్కన కూర్చున్నాయన, అంతకుముందు గేటు మీటింగులో నన్ను పేరు పెట్టి విమర్శించిన మనిషి. నాకు మజ్జిగ గ్లాసు అందించింది కూడా ఆయనే. ఓటు వేసుకున్నాం కాబట్టే కూర్చోగలిగాం. ఎవరి బలం ఎంతో అందరికీ తెలిసిపోయింది, ఇక దానికోసం కొట్టుకోవలసిన పని లేకపోయింది.

పూర్ణామార్కెట్_వ్యాపారి
ఈ ఏజెంటుకు చూపించే పద్ధతి మా వర్తక సంఘం ఎన్నికలోనూ ఉంది. కార్యకర్త గారు మిగతా సలహాలు పక్కన పెట్టినా దీన్ని మాత్రం పట్టుకోవాలి.

అల్లిపురం_ఎర్రజెండా
ఓటింగు లేకుండా కూడా ఐక్యత నిలబడిన సందర్భం మన విశాఖలోనే జరిగింది కనుక ఆ మాట కూడా రాయాలి. 2015 ఏప్రిల్ 14 నుంచి 19 వరకు సీపీఎం 21వ మహాసభ ఇక్కడే జరిగింది. ప్రకాశ్ కరత్ మూడు దఫాలు పూర్తిచేసి తప్పుకుంటున్నారు. ప్రధాన కార్యదర్శి పదవికి సీతారాం ఏచూరి పేరుతో పాటు ఎస్. రామచంద్రన్ పిళ్లై పేరు కూడా గట్టిగా వినిపించింది. చివరి రోజు వరకూ ఎవరన్నది తేలలేదు. బయట పత్రికల వాళ్లు, లోపల మాలాంటి వాలంటీర్లు ఒకే రకంగా ఎదురు చూశాం. ఆఖరుకు పోటీ లేకుండానే ఏచూరి ఎన్నికయ్యారు, పిళ్లై పొలిట్‌బ్యూరోలోనే కొనసాగారు. పుచ్చలపల్లి సుందరయ్యగారి తరువాత ఆ పదవిలో మళ్లీ ఒక తెలుగువాణ్ణి చూసిన రోజు అది. బీచ్ రోడ్డు వైపు నడుచుకుంటూ వెళ్తూ మేం పాడుకున్న పాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

డాబాగార్డెన్స్_కుర్రోడు
గదిలో కూర్చుని తేల్చుకోవడం అక్కడ మంచిదైతే, కార్యకర్త గారి కల్యాణ మండపంలో ఎందుకు చెడ్డదయింది? తేడా చెప్పగలరా?

అల్లిపురం_ఎర్రజెండా
చెప్తాను. మా దగ్గర వాదన ముందు జరుగుతుంది, అదీ కాగితం మీద జరుగుతుంది. ముసాయిదా తీర్మానం మహాసభకు నెలల ముందే శాఖల దాకా వస్తుంది, ఎవరైనా సవరణ పంపవచ్చు. 2018 జనవరిలో కలకత్తాలో కేంద్ర కమిటీ సమావేశమైనప్పుడు, కాంగ్రెసుతో అవగాహన విషయంలో ఏచూరి వైఖరి 31–55 ఓట్ల తేడాతో ఓడిపోయింది. సొంత కమిటీలో ఓడిన ప్రధాన కార్యదర్శి ఆయన. ఆ ఏప్రిల్‌లో హైదరాబాదు మహాసభలో ప్రతినిధులు రహస్య ఓటింగు కావాలని పట్టుబట్టేసరికి, ముసాయిదాలో మాట మార్చి, ఇరువర్గాలూ ఒప్పుకున్న వాక్యం పెట్టారు. ఆయన్నే మళ్లీ ఎన్నుకున్నారు. ఓటు వేస్తారన్న సంగతి తెలిసినందువల్లే రాజీ కుదిరింది. మండపంలో ఖాళీ కాగితం మీద సంతకం పెట్టినవాళ్ల చేతిలో అలాంటి బలమేమీ లేదు. 2025లో మదురై మహాసభలో కేంద్ర కమిటీకి డి.ఎల్. కరాడ్ పోటీ చేసి, 31 ఓట్లు మాత్రమే వచ్చి ఓడిపోయారు. ఆకాశం కూలిపోలేదు.

సీతమ్మధార_రామ్
కూలిపోలేదు గాని, అధికారిక జాబితాకు ఎదురు నిలవడం మీ పార్టీలో నేటికీ విశేషంగానే కనిపిస్తోంది. అది కూడా ఒప్పుకోవాలి.

అల్లిపురం_ఎర్రజెండా
ఒప్పుకుంటాను. అది మామూలు విషయం కావాలన్నదే నా కోరిక.

భీమిలి_వకీలు
చట్టం వైపు నుంచి నాలుగు మాటలు. ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఏ సెక్షను 1989 నుంచి అమలులో ఉంది. దాని కింద నమోదు కావాలంటే పార్టీ తన నియమావళిని సమర్పించాలి. అయిదేళ్లకు మించకుండా సంస్థాగత ఎన్నికలు జరుపుతామని అందులో ఉండాలని ఎన్నికల సంఘం కోరుతుంది. 2022 సెప్టెంబరులో మన రాష్ట్రంలోని ఒక ప్రధాన పార్టీకి శాశ్వత అధ్యక్షుడి విషయంలో వార్తలు వచ్చినప్పుడు, అలాంటి పదవి అంతర్గత ప్రజాస్వామ్యానికి విరుద్ధమని సంఘం స్పష్టంగా చెప్పింది. అయితే నియమావళి పాటించలేదన్న కారణంతో పార్టీ నమోదును రద్దు చేసే అధికారం సంఘానికి సాధారణంగా లేదని 2002లోనే సుప్రీంకోర్టు తేల్చింది. అంచేత ఎన్నిక జరిగినట్టు కాగితం పంపితే సరిపోతోంది. కార్యకర్త గారూ, మీ పార్టీ నియమావళి ప్రతి తెచ్చుకుని వార్డు ఎన్నికల నిబంధన చదవండి. నామినేషన్ వేసే హక్కు అందులో ఉంటే, ఐక్యత పేరు చెప్పి దాన్ని ఆపే అధికారం ఎవరికీ లేదు.

గోపాలపట్నం_పాతకాపు
నేను ఓడినవాణ్ణి. మండల అధ్యక్ష పదవికి నిలబడి పదకొండు ఓట్ల తేడాతో పోయాను. ఓటమి ఆ సాయంత్రానికే మరిచిపోయాను. మరిచిపోలేనిది మర్నాడు పొద్దున జరిగింది. పాలప్యాకెట్ కోసం వెళ్తూ ఫోను చూస్తే, పార్టీ వాట్సాప్ గ్రూపు నుంచి నన్ను తీసేశారు. గోదావరి పుష్కరాలకు వాలంటీర్లను ఈ చేతులతో పంపించినవాణ్ణి. నా బూత్ జాబితా రిజిస్టరు, ఇంటింటికీ తిరిగి పెన్సిలుతో గుర్తులు పెట్టుకున్నది, ఒక కుర్రవాణ్ణి పంపించి తెప్పించుకున్నారు. ఆ రిజిస్టరులో ఎవరి ఇంట్లో మంచానపడిన ముసలివాళ్లు ఉన్నారో, ఎవరికి ఆటో పంపాలో రాసి ఉంటుంది. తీసుకెళ్లినవారికి అది చదవడం రాదు. ఎన్నికల రోజు ఆటోలు వెళ్లలేదు.

మర్రిపాలెం గారు చెప్పినట్టు ఇంట్లో కూర్చున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. కాని నేను కూర్చోలేదు, కూర్చోబెట్టారు.

మర్రిపాలెం_గేటు
పాతకాపు గారూ, ఇది చదివాక నా మొదటి పోస్టు మళ్లీ చదువుకున్నాను. మా వార్డులో ఓడినాయనకు కూడా ఎవరూ ఫోను చేయలేదు, నేనూ చేయలేదు. పోటీ వద్దన్న మాట మీద ఇప్పటికీ కొంత నిలబడతాను, కాని ఓడిన వర్గం ఇళ్లలోనే కూర్చుందన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఎంవీపీ_సెక్టార్9
ఇటీవలి కాంగ్రెస్ ఎన్నిక గురించి ఎవరూ ఎత్తలేదు. 2022 అక్టోబరు 17న పోలింగు జరిగింది. పోలైన 9,385 ఓట్లలో మల్లికార్జున ఖర్గేకు 7,897, శశి థరూర్‌కు 1,072 వచ్చాయి, 416 చెల్లలేదు. 2000లో సోనియా గాంధీకి 7,448, జితేంద్ర ప్రసాదకు 94 వచ్చిన దానితో పోలిస్తే ఇది చాలా మెరుగు. ఓడిన థరూర్‌ను మరుసటి ఏడాది ఆగస్టులో కార్యవర్గంలోకి తీసుకున్నారు. ఈ ఎన్నికలో నాకు విలువైనదిగా తోచింది ఓటర్ల జాబితా గొడవ. డెలిగేట్ల జాబితా బయట పెట్టాలని కొందరు ఎంపీలు ముందుగానే లేఖ రాశారు, చివరికి పోటీ చేసేవారు చూసుకోవడానికి పార్టీ ఆఫీసులో పెట్టారు. ఓటరు ఎవరో తెలియని ఎన్నికలో ఓడినవాడు ఫలితాన్ని ఎలా నమ్ముతాడు?

డాబాగార్డెన్స్_కుర్రోడు
1997 కూడా చూడండి. సీతారాం కేసరికి 6,224, శరద్ పవార్‌కు 882, రాజేష్ పైలట్‌కు 354. అంత భారీగా గెలిచిన కేసరిని ఏడాది తిరగకుండానే కార్యవర్గం తొలగించింది. పవార్ 1999లో వేరే పార్టీ పెట్టారు. ఓట్లు ఎన్ని వచ్చినా పైన అనుకున్నదే జరుగుతుందని కార్యకర్తకు అర్థమైతే, వార్డు స్థాయిలో ఎవరు నమ్మకంతో నిలబడతారు?

జగదాంబ_జంక్షన్
పార్టీ లోపల పోటీకి దారి లేకపోతే అది బయట దారి వెతుక్కుంటుంది. 1995 ఆగస్టులో తెలుగుదేశం శాసనసభ్యులు హైదరాబాదులో హోటలుకు చేరిన రోజులు మన తరం కళ్లారా చూసింది. మొన్న 2025 మేలో మన జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) ఉపమేయర్ ఎన్నిక కోరం లేక వాయిదా పడిన సంగతి కూడా ఇలాంటిదే. పదవి ఏ పార్టీకో పైన నిర్ణయించారు, కింద అసంతృప్తి ఉన్నవాళ్లు సభకు రాలేదు. నోటితో కాదనలేనివారు కాళ్లతో కాదన్నారు.

ఆనందపురం_రైతు
అందరూ పోటీ మంచిదంటున్నారు గాని, ఊళ్లలో అది కులం దగ్గర తేలుతుంది, డబ్బు దగ్గర తేలుతుంది. మా వైపు సభ్యత్వ రసీదు పుస్తకాలు ఒకాయన మొత్తంగా కొనేసి, తన తోటలో పనివాళ్లందరి పేర్లూ రాయించారు. వాళ్లకు ఏ పార్టీలో చేరారో కూడా తెలియదు. అలాంటి చోట రహస్య ఓటింగు పెడితే ఆయనే గెలుస్తాడు, అది కూడా ప్రజాస్వామ్యం పేరుతో గెలుస్తాడు. దీనికి మీ దగ్గర జవాబు ఉందా?

ఎంవీపీ_సెక్టార్9
పూర్తి జవాబు లేదు. జాబితాను ముందుగా గోడకు అంటించి, అభ్యంతరాలకు వారం గడువు ఇస్తే కొంతవరకు ఆగుతుంది. ఆ పేర్లు చదివి, ఇతను మా వాడు కాదని చెప్పగలిగేది ఆ వీధివాళ్లే.

ఆనందపురం_రైతు
ఆ వీధివాళ్లు ఆయన తోటలోనే పనిచేస్తున్నప్పుడు ఎవరు చెప్తారు? నా సందేహం అలాగే ఉంది.

కంచరపాలెం_కార్యకర్త
ఇన్ని రోజులూ అందరి మాటలూ చదివాను. పాతకాపు గారి పోస్టు చదివిన రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే మా రెండో ఆయన్ని గ్రూపు నుంచి తీసేసినప్పుడు నేనూ ఆ గ్రూపులోనే ఉన్నాను, ఏమీ అనలేదు. నిన్న ఆయన ఇంటికి వెళ్లి ఆ మాటే చెప్పాను. ఆయన లోపలికి పిలిచి కూర్చోబెట్టారు గాని, పార్టీకి మళ్లీ వస్తానని మాత్రం అనలేదు.

నామినేషన్ వేస్తున్నాను. నాకు ఎదురుగా నిలబడేది మా వార్డు కార్యదర్శి. వకీలు గారు చెప్పినట్టు నియమావళి ప్రతి చేత పట్టుకుని, ముందు ఆయన ఇంటికే వెళ్లాను. మొదట ముఖం ముడుచుకున్నారు. తరువాత ఆయనే ఒక షరతు పెట్టారు. తాను ఓడినా, తాను పదేళ్లుగా చూస్తున్న రెండు బూత్‌లు తన దగ్గరే ఉంచాలన్నారు. నేను ఓడితే మహిళా విభాగం పని నా దగ్గరే ఉండాలని నేను అడిగాను. గెలిచినవారు ఊరేగింపు తీయకూడదని, ప్రతి చీటీ ముందు అవతలివారి ఏజెంటుకు చూపించాలని, సభ్యుల జాబితా ఈ ఆదివారం నుంచి పార్టీ ఆఫీసు గోడకు అంటించాలని కూడా ఒప్పుకున్నాం. అంతా ఒక కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. ఈసారి పైనున్నది రెండుసార్లు చదివాకే పెట్టాను.

పైనుంచి ఫోన్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. లెక్కింపు దగ్గర కూర్చోవడానికి ఏ వర్గానికీ చెందని పెద్దమనిషి ఒకరు కావాలని కార్యదర్శి గారు అన్నారు. మాస్టారు గారూ, మీరు రాగలరా?

పాతనగరం_మాస్టారు
వస్తాను. ఏ రోజో, ఏ సమయమో తెలపండి. చీటీలు విప్పే బల్ల దగ్గర వెలుతురు బాగుండేలా మాత్రం చూడండి, నాకు కళ్లు కొంచెం మసకగా ఉంటున్నాయి.

గోపాలపట్నం_పాతకాపు
మాస్టారు గారిని నా బండి మీద తీసుకొస్తాను.